ఆల్విన్ నేర్పిన మోటారు లెక్క



ఈ పూట మోటారు వాహనాల తయారీ గురించి మాట్లాడుకుందాం. ఆ వ్యాపారంలో లాభం ఎక్కడ పుడుతుంది, నష్టం ఎక్కడ మొదలవుతుంది, ఒక కంపెనీ నిలబడితే ఇంకొకటి ఎందుకు మూతపడుతుంది అన్నది మన ప్రశ్న. దీనికి జవాబు కోసం డెట్రాయిట్ దాకా, టోక్యో దాకా పోనక్కర్లేదు. పంజాగుట్ట చౌరస్తాలో బయల్దేరి, అమీర్‌పేట మీదుగా సనత్‌నగర్ చేరితే చాలు. పంజాగుట్ట, సోమాజిగూడ వైపు బళ్లు అమ్మే షోరూములున్నాయి. అమీర్‌పేటలో బండి భాగాల్ని కంప్యూటర్ మీద గీయడం నేర్పే ఇన్‌స్టిట్యూట్లున్నాయి. సనత్‌నగర్‌లో ఒకప్పుడు ఊరు గర్వంగా చెప్పుకున్న కార్ఖానా ఉండేది. దాని పేరు హైదరాబాద్ ఆల్విన్.

నడివయసు దాటినవాళ్లకు ఆల్విన్ అనగానే ఫ్రిజ్ గుర్తొస్తుంది, లేదంటే చేతి గడియారం. కానీ హైదరాబాద్ వీధుల్లో ఆ పేరును మోసింది బస్సు. 1942లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, నిజాం ప్రభుత్వపు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లావుద్దీన్ అండ్ కంపెనీ కలిసి హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను పెట్టాయి. అప్పటికి పదేళ్ల కిందటే, 1932 జూన్‌లో, నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ఇవాళ్టి ఆర్టీసీకి మూలం అదే. బస్సులకు కావలసిన ఛాసిస్‌లు బ్రిటన్ నుంచి దిగేవి. వాటిని చేసిన కంపెనీల్లో ఆల్బియన్ స్కాట్లండ్‌ది, లేలాండ్ ఇంగ్లండుది. యుద్ధకాలంలో ఓడలు రావడమే గగనమైనప్పుడు లోహపు పని చేసే కార్ఖానా ఊళ్లోనే ఉండటం ఎంత అవసరమో ఊహించుకోవచ్చు. తర్వాతి దశాబ్దాల్లో సికింద్రాబాద్ నుంచి చార్మినార్ దాకా తిరిగిన డబుల్ డెక్కర్లకు బాడీ కట్టింది ఆల్విన్ కార్మికులే.

బాడీ కట్టడం అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. ఛాసిస్ అంటే పొడవాటి రెండు ఉక్కు దూలాలు, వాటి కింద చక్రాలు, ముందు ఇంజను, స్టీరింగు. అంతే. డ్రైవర్ నెత్తి మీద కప్పు ఉండదు, ముఖానికి అద్దం ఉండదు. తలకు తువ్వాలు చుట్టుకుని, దుమ్మూ ఎండా తింటూ అలాంటి ఛాసిస్‌ను వందల కిలోమీటర్లు తోలుకొచ్చే డ్రైవర్లు ఇప్పటికీ ముంబై హైవే మీద కనిపిస్తారు. ఆ దూలాల మీద నిలువు బద్దీలు, అడ్డ బద్దీలు నిలబెట్టి, పైన రేకు పరిచి, రివెట్లు కొట్టి, కిటికీలూ సీట్లూ బిగిస్తే అది బస్సవుతుంది. నిలువు బద్దీ కొంచెం వంకరపోయినా కిటికీ జామ్ అవుతుంది. రివెట్ వదులైతే కొన్నాళ్లకే రేకు దడదడలాడుతుంది. డబుల్ డెక్కర్ అయితే మరీ కష్టం. పైఅంతస్తులో జనం నిండి బండి మలుపు తిరిగినప్పుడు ఆ బరువంతా పక్క బద్దీల మీదే పడుతుంది. కాబట్టి ఇది చిన్న పనితనం కాదు. సనత్‌నగర్‌లో ఆ పని తెలిసిన చేతులు వందలాదిగా ఉండేవి.

అయితే డబ్బు లెక్క వేరు. బస్సు ధరలో పెద్ద వాటా ఇంజను, గేర్‌బాక్సు, యాక్సిల్ చేసేవాడికి పోతుంది. బాడీ కట్టేవాడికి మిగిలేది కూలి, రేకు మీద కొద్ది లాభం. పైగా పక్కనే ఆర్టీసీ లాంటి పెద్ద కొనుగోలుదారు ఉంటే ఏటా ఆర్డరు వస్తుందన్న ధీమా ఉంటుంది. ఆ ధీమా మంచిదే, కొంతవరకు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర చెప్పేదీ అతనే, డబ్బు ఎప్పుడివ్వాలో చెప్పేదీ అతనే. కొత్త నమూనా కోసం తలబద్దలు కొట్టుకోవలసిన పని తయారీదారుకు ఉండదు. బయటి బజారులో పోటీ పడాల్సిన రోజు వచ్చేసరికి ఆ అలవాటే ఉండదు. ఆల్విన్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల్లో చాలావాటిని దెబ్బతీసింది కార్మికుల సోమరితనం అని సులువుగా అనేస్తారు. నేను ఒప్పుకోను. చేతులకు పని వచ్చు. ఏం చేయాలి, ఎవరికి అమ్మాలి అని ముందుచూపుతో తీసుకోవలసిన నిర్ణయాలే ఆలస్యమయ్యాయి, లేదా సచివాలయంలో జరిగాయి.

ఆల్విన్ చేయని వస్తువు లేదనిపిస్తుంది. ఉక్కు బీరువాలు, ఫ్రిజ్‌లు, 1981లో జపాన్ సీకో సహకారంతో గడియారాలు, పుష్పక్ అనే స్కూటర్. ఫ్రిజ్‌కు, గడియారానికి, స్కూటర్‌కు, బస్సుకు ఒకే యాజమాన్యం, ఒకే ఖజానా! వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో ప్రపంచం. ఒక్కోదానికి వేరే అమ్మకపు దారి, వేరే విడిభాగాలు, వేరే మరమ్మతు మనుషులు కావాలి. స్కూటర్ కథ తొందరగానే ముగిసింది. బజాజ్ స్కూటర్‌కు జనం ఏళ్ల తరబడి పేరు రాయించుకుని ఎదురుచూసిన రోజుల్లో ఎవరు చేసినా అమ్ముడుపోతుందన్నది నాటి అంచనా. 1980ల నడుమ జపాన్, ఇటలీ కంపెనీల జతతో కొత్త స్కూటర్లు దిగగానే ఆ అంచనా తలకిందులైంది.

అసలు పాఠం జహీరాబాద్‌లో ఉంది. దీన్ని కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

1980ల మొదట్లో కేంద్ర ప్రభుత్వం తేలికపాటి వాణిజ్య వాహనాల రంగాన్ని జపాన్ సాంకేతికతకు తెరిచింది. కూరగాయలు, పాలు, సిమెంటు బస్తాలు మోసే చిన్న లారీలన్నమాట. నాలుగు భారతీయ సంస్థలు నాలుగు జపాన్ కంపెనీలతో చేతులు కలిపాయి. ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం, టొయోటా. పంజాబ్‌లో స్వరాజ్, మాజ్దా. మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో ఐషర్, మిత్సుబిషి. మన దగ్గర ఆల్విన్, నిస్సాన్. ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ కోసం అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌ను ఎంచుకున్నారు. హైదరాబాద్‌కు 100 కిలోమీటర్ల దూరంలో ముంబై హైవే మీద ఉన్న ఊరు. వెనుకబడిన ప్రాంతాలకు పరిశ్రమ వెళ్లాలన్నది నాటి విధానం. ఆ విధానాన్ని నేను తప్పుపట్టను. జహీరాబాద్ చుట్టుపక్కల పిల్లలకు పొలం కాకుండా ఇంకో బతుకుదెరువు చూపించింది ఆ ఫ్యాక్టరీయే.

అక్కడ తయారైన నిస్సాన్ క్యాబ్‌స్టార్ మంచి బండి. ఇంజను మెత్తగా తిరిగేది, క్యాబిన్‌లో కూర్చుంటే కారులో కూర్చున్నట్టుండేది. మరి దెబ్బ ఎక్కడ తగిలింది? ఇంజను, గేర్‌బాక్సు, ఇంకా ముఖ్యమైన భాగాలు జపాన్ నుంచి పెట్టెల్లో వచ్చేవి. వాటికి డబ్బు యెన్‌లలో కట్టాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కో భాగం ఇక్కడే తయారు చేయించుకోవాలని ఒప్పందం. ఆ పని పుంజుకునేలోపే, 1985 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో అయిదు సంపన్న దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని డాలర్ విలువ తగ్గించాలని తీర్మానించారు. యెన్ విలువ పైకి ఎగిరింది. రెండు మూడేళ్లలో రూపాయల్లో చూస్తే యెన్ దాదాపు రెట్టింపు ప్రియమైంది. న్యూయార్క్ హోటల్‌లో పెట్టిన సంతకం జహీరాబాద్‌లో లారీ ధరను పెంచింది.

అదే సమయంలో, 1986లో, టాటా 407 వచ్చింది. దాన్ని పుణేలో సొంత ఇంజనీర్లు రూపొందించారు. భాగాలన్నీ ఇక్కడివే, ధర రూపాయల్లోనే. టాటా కూడా ఒకప్పుడు అరువు సాంకేతికతతోనే మొదలైంది. 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని, 1969లో ఆ ఒప్పందం ముగిసేనాటికి లారీ చేయడం సొంతంగా నేర్చుకుంది. ఆ పదిహేనేళ్ల చదువే 1986లో అక్కరకొచ్చింది. ఇంకో మాట. 407 చెడిపోతే సూర్యాపేట రోడ్డు పక్క మెకానిక్ కూడా రెంచీ పట్టుకుని విప్పేయగలడు. విడిభాగం పక్క ఊళ్లో దొరుకుతుంది. లారీ యజమానికి బండి నిలిచిన ప్రతి రోజూ నష్టమే. నెలవారీ ఫైనాన్సు కిస్తీ ఆగదు కదా. కొనేటప్పుడు అతను చూసేది ఇంజను మెత్తదనాన్ని కాదు, బండి ఎన్ని రోజులు రోడ్డు మీద ఉంటుందన్నదాన్ని. ఆ లెక్కలో జపాన్ బళ్లు నాలుగూ వెనకబడ్డాయి.

తర్వాత ఏమైంది? నాలుగింటికీ నాలుగు దార్లు. డీసీఎం టొయోటా 1990ల్లో దక్షిణ కొరియా దేవూ చేతికి పోయింది. ఆ తర్వాత దేవూ కూడా మునిగింది. అయినా మన పల్లెల్లో చిన్న లారీని ఇప్పటికీ ‘డీసీఎం’ అంటారు. కంపెనీ పోయి ఇన్నేళ్లయినా పేరు వాడుకలో నిలిచిపోయింది. ఐషర్ మాత్రం పట్టుదలగా భాగాల్ని ఒక్కొక్కటే దేశీయం చేసుకుంటూ నిలబడింది. 2008లో స్వీడన్ వోల్వోతో కలిసి ఇవాళ పెద్ద లారీల్లో కూడా పోటీ ఇస్తోంది. స్వరాజ్ మాజ్దా తర్వాత ఎస్ఎంఎల్ ఇసుజు అనే పేరుతో నడిచి, 2025లో మహీంద్రా గూటికి చేరింది. ఆల్విన్ నిస్సాన్‌ను 1980ల చివర్లోనే మహీంద్రా తీసుకుంది. కొన్నాళ్లు మహీంద్రా నిస్సాన్ ఆల్విన్ అనే పేరుతో నడిచి, 1990ల నడుమ మహీంద్రాలోనే కలిసిపోయింది. సనత్‌నగర్‌లో మిగిలిన ఆల్విన్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు వెళ్లింది. మిగతావి ఒక్కొక్కటే మూతపడ్డాయి. కూకట్‌పల్లి దగ్గర ఆల్విన్ కాలనీ, మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా అన్న పేర్లు మాత్రం బస్సు బోర్డుల మీద ఉన్నాయి.

యెన్ దెబ్బ మారుతికి తగల్లేదా అని మీరు అడగవచ్చు. తగిలింది. మారుతి భాగస్వామి సుజుకి కూడా జపాన్‌దే కదా. 1983 డిసెంబర్‌లో మొదటి మారుతి కారు తాళం చెవులు చేతికిచ్చిన కొత్తలో దానిలోనూ చాలా భాగాలు దిగుమతివే. కానీ మారుతిని రెండు సంగతులు నిలబెట్టాయి. మొదటిది, అమ్మకాల సంఖ్య పెద్దది. ఏడాదికి కొన్ని వేల బళ్లకు ఎవరూ అచ్చులు కోయించి పెట్టరు, లక్ష బళ్లు అంటే పెడతారు. రెండోది, విడిభాగాలు చేసే వాళ్లను తానే కూడగట్టింది. కొన్నిచోట్ల వాటా పెట్టింది, స్థలం చూపించింది, జపాన్ భాగస్వాముల్ని తెచ్చిపెట్టింది. గుర్‌గావ్ చుట్టూ చిన్నా పెద్దా యూనిట్లు పుట్టుకొచ్చాయి. మోటారు ఫ్యాక్టరీ అసలు బలం దాని ప్రహరీ బయట ఉంటుందని అక్కడ రుజువైంది. నా దృష్టిలో ఆల్విన్ కథలో లోపించింది సరిగ్గా ఇదే. నాలుగు కంపెనీలు చిన్న బజారును పంచుకున్నాయి. ఏ ఒక్కరికీ అచ్చుల ఖర్చు రాబట్టేంత అమ్మకం లేదు. అచ్చులు లేకపోతే దిగుమతి తప్పదు. దిగుమతి ఉంటే ధర తగ్గదు. ధర తగ్గకపోతే అమ్మకం పెరగదు. ఈ సుడిలోంచి బయటపడాలంటే చాలాకాలం నష్టం భరించే పెట్టుబడి కావాలి. జీతాలకే వెతుక్కునే ప్రభుత్వ సంస్థకు అదెక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు షోరూముల వైపు వద్దాం. ఇక్కడ కొన్ని మాటలే చెబుతాను, కానీ ముఖ్యమైనవి. మీరు నెలనెలా పేపర్లో ఫలానా కంపెనీ ఇన్ని కార్లు అమ్మిందని చదువుతారు. ఆ అంకె చాలాసార్లు కంపెనీ డీలర్‌కు పంపిన బళ్లది. కంపెనీకి డబ్బు అప్పుడే అందుతుంది. ఆ బళ్లను బ్యాంకు అప్పుతో కొని, షోరూము వెనక ఖాళీ స్థలంలో నిలబెట్టుకుని, రోజుకింత వడ్డీ కడుతూ కూర్చునేది డీలర్. 2024 పండగల ముందు దేశమంతటా డీలర్ల దగ్గర 80 రోజులకు మించిన కార్ల నిల్వ పేరుకుపోయిందని, దాని విలువ 79,000 కోట్ల రూపాయలని డీలర్ల సమాఖ్య చెప్పింది. మూడు వారాల నిల్వ చాలన్నది వాళ్ల వాదన. నిజమే. కంపెనీ తన లెక్కలు బాగా కనిపించాలని బళ్లను కిందికి తోస్తే మొదట చితికేది డీలర్, ఆ తర్వాత డీలర్ దగ్గర పనిచేసే సేల్స్ కుర్రాడు. మంచి తయారీదారు గిరాకీ చూసి లైను వేగం తగ్గిస్తాడు. ఆ నిగ్రహం వ్యూహంలో భాగం.

చట్టం మారితే ఏమవుతుందో కూడా ఇక్కడే చూశాం. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు, పాత కాలుష్య ప్రమాణమైన బీఎస్-3 బళ్లను ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదని చెప్పింది. దేశంలో ఎనిమిది లక్షలకు పైగా బళ్లు అమ్ముడుపోకుండా ఉన్నాయి, అందులో ఎక్కువ ద్విచక్రవాహనాలు. మిగిలింది రెండు రోజులు. వేల రూపాయల తగ్గింపు ప్రకటించగానే జనం షోరూముల మీద పడ్డారు. కొనుక్కున్నవాళ్లకు పండగే. కంపెనీలకు, డీలర్లకు మాత్రం పెద్ద నష్టం. కాలుష్య నిబంధన మారుతుందని ఏళ్ల ముందే తెలుసు. చివరి తేదీ దాకా పాతవే తయారు చేయవచ్చులే అనుకోవడం వల్ల వచ్చిన చిక్కది.

మళ్లీ విడిభాగాల సంగతికొస్తాను. నా మనసంతా అక్కడే ఉంది. సనత్‌నగర్ దాటితే బాలానగర్. అక్కడ 1968 నుంచి కేంద్ర ప్రభుత్వపు టూల్ డిజైన్ సంస్థ ఉంది, సీఐటీడీ అంటారు. ప్రెస్ అచ్చులు, మౌల్డులు, కొలత పరికరాలు తయారు చేయడం అక్కడ నేర్పుతారు. చుట్టూ సందుల్లో లేత్‌లు, మిల్లింగ్ మిషన్లు, ప్రెస్సులు. విమానాల భాగాలు, మందుల కంపెనీ మిషన్ల భాగాలు, రక్షణ సంస్థల ఆర్డర్లు ఇక్కడ నడుస్తుంటాయి. అంటే మైక్రాన్ లెక్కలో పనిచేసే చేతులు మన దగ్గర లేవనడం అబద్ధం. కానీ మోటారు కంపెనీకి భాగాలు ఇవ్వడం ఇంకో రకం పరీక్ష. విమానానికి పది భాగాలు అడుగుతారు, ఎంత ఖర్చైనా సరే అంటారు. మోటారు కంపెనీ నెలకు పదివేలు అడుగుతుంది, ప్రతి ఏడాదీ ధర తగ్గించమంటుంది. ఒక్కటి తేడా వచ్చినా లాటు మొత్తం వెనక్కి పంపుతుంది.

అంతకన్నా పెద్ద బాధ బిల్లుల డబ్బు. ఉక్కు కొనడానికి నగదు కావాలి, సరుకు ఇచ్చాక డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. చిన్న యూనిట్లకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టమే చెబుతోంది. అయినా అమలు అంతంతమాత్రం. ఇప్పుడు గడువు దాటిన బకాయిని కొనుగోలుదారు తన ఖర్చుగా ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోకుండా చేశారు. ఇది సరైన పట్టు. కానీ బాలానగర్‌లో పది మందితో నడిచే షెడ్డు యజమాని పెద్ద కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే వచ్చే నెల ఆర్డరు ఉండదు. ఆ భయం పోగొట్టకుండా విడిభాగాల పరిశ్రమ పెరగమంటే పెరగదు.

మన రాష్ట్రాల్లో కారు ఫ్యాక్టరీల ప్రయత్నాలు మీకు గుర్తుండే ఉంటాయి. 2005లో ఫోక్స్‌వ్యాగన్ విశాఖపట్నం వస్తుందని ఆశపడి, ఆ పేరు చెప్పుకున్న ఒక బూటకపు సంస్థకు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 11 కోట్ల రూపాయలకు పైగా చెల్లించింది. డబ్బూ పోయింది, ఫ్యాక్టరీ పుణే దగ్గర చాకణ్‌కు పోయింది. ఎందుకు చాకణ్? అక్కడ బజాజ్, టాటా, వాటి చుట్టూ వందల విడిభాగాల యూనిట్లు అప్పటికే ఉన్నాయి కాబట్టి. రాయితీ అన్ని రాష్ట్రాలూ ఇస్తాయి. ఆ యూనిట్లను మాత్రం ఏ ప్రభుత్వమూ ఒక్క రోజులో ఇవ్వలేదు.

2017 ఏప్రిల్‌లో కియా ఒప్పందం కుదిరినప్పుడు కథ మారింది. అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. కరువుసీమకు గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి నీళ్లు చూపించారు. 2019 ఆగస్టులో సెల్టోస్ బజారులోకి వచ్చింది, 2023 జూలైకి పది లక్షల కార్లు పూర్తయ్యాయి. ఇంత వేగం ఎలా సాధ్యమైంది? కియా భాగంగా ఉన్న హ్యుందాయ్ బృందం అప్పటికి రెండు దశాబ్దాలుగా చెన్నై పక్కనే ఉంది. విడిభాగాల కొరియా కంపెనీలు తోడుగా దిగాయి. కియా ఒంటరిగా రాలేదు, పరివారంతో వచ్చింది. ఆ పరివారంలో మన వాళ్ల యూనిట్లు ఎన్ని చేరాయన్నదే ఇకముందు అడగవలసిన ప్రశ్న. తాపీపని, క్యాంటీను, లారీల కిరాయి మనకొచ్చి, అచ్చులూ ప్రెస్సులూ బయటివాళ్లవే అయితే మిగిలేది జీతం ఒక్కటే. జీతం చిన్నదని అనను. కానీ తరతరాలకు నిలిచేది పనితనం.

డబ్బు, డిజైను, పేరు అన్నీ ఉన్నా ఓడిపోయే వాళ్లున్నారని ఫోర్డ్ చూపించింది. 2021 సెప్టెంబర్‌లో భారత్‌లో తయారీ ఆపేస్తున్నామన్నప్పుడు, పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు మించిన నష్టం వచ్చిందని చెప్పింది. ఇక్కడి కుటుంబం అడిగే ధరకు, మైలేజీకి సరిపడే కొత్త బళ్లను వరసగా తేలేకపోవడమే కారణం. ఒక మోడల్ హిట్టయితే ఆ సంపాదనలో వచ్చే మోడల్‌కు వాటా తీసి పక్కన పెట్టాలి. అది ఆపిన కంపెనీ, ఎంత పాతదైనా, ఎంత పెద్దదైనా వెనకబడుతుంది.

ఇక అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ సందుల్లో జావా, పైథాన్ బోర్డుల మధ్య కాటియా, ఎన్‌ఎక్స్, ఆన్సిస్, ఎంబెడెడ్ సిస్టమ్స్ బోర్డులు కూడా ఉంటాయి. వరంగల్ నుంచి, ఒంగోలు నుంచి, అనంతపురం నుంచి వచ్చిన మెకానికల్ ఇంజనీర్లు హాస్టల్‌లో ఉంటూ ఇక్కడ కార్ల తలుపులు, సీట్ల బ్రాకెట్లు తెర మీద గీయడం నేర్చుకుంటున్నారు. వాళ్ల ముందున్న ఉద్యోగాలు కల్లలు కావు. హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం ఈ ఊళ్లోనే ఉంది. జర్మనీ జెడ్‌ఎఫ్ సంస్థ 2017లో తన సాంకేతిక కేంద్రాన్ని ఇక్కడే తెరిచింది. ఆల్విన్ దగ్గర లేనిది, అంటే బండిని తామే రూపొందించగల తెలివి, ఇవాళ ఈ ఊళ్లో వేలమంది దగ్గర ఉంది. బాధల్లా ఏమిటంటే, ఆ తెలివి ఎక్కువగా పరాయి కంపెనీల బళ్ల కోసం పనిచేస్తోంది. గీసేవాడికీ కోసేవాడికీ ఇక్కడ పరిచయమే లేదు.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. తెర మీద ఒక రేకును 90 డిగ్రీలు వంచితే 90 డిగ్రీలే వంగుతుంది. ప్రెస్‌లో పెట్టి వంచితే, ఒత్తిడి తీయగానే ఆ రేకు డిగ్రీయో రెండో వెనక్కి విచ్చుకుంటుంది. దీన్ని స్ప్రింగ్‌బ్యాక్ అంటారు. అచ్చు చేసే మేస్త్రీకి ఇది చేతికి తెలుసు. అందుకే 88 డిగ్రీలకు కోస్తాడు. ఉక్కు గ్రేడు మారితే ఆ లెక్కా మారుతుంది, మళ్లీ అచ్చు సవరించాలి. ఒక్కో సవరణకు లక్షల ఖర్చు, వారాల ఆలస్యం. డిజైనరుకు ఈ సంగతి ముందే తెలిస్తే ఆ ఖర్చు బాగా తగ్గుతుంది. మోటారు పరిశ్రమలో లాభం ఇలాంటి చోట్లే పుడుతుంది. అమీర్‌పేటకూ బాలానగర్‌కూ మధ్య పట్టుమని పది కిలోమీటర్లు లేవు. అయినా నాలుగేళ్లు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ప్రెస్ షాపు గడప తొక్కకుండానే డిజైనరు ఉద్యోగంలో చేరేవాళ్లున్నారు.

ఎలక్ట్రిక్ బళ్లు వచ్చాక ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. ఇంజను, గేర్‌బాక్సు పోయి వాటి స్థానంలో మోటారు, బ్యాటరీ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ వస్తున్నాయి. వందేళ్ల ఇంజను అనుభవం లేనివాళ్లకు కూడా తలుపు తెరుచుకుంది. హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా చైనా బీవైడీ సాంకేతికతతో ఎలక్ట్రిక్ బస్సులు చేస్తోంది. 2019లో మన ఆర్టీసీ రోడ్డెక్కించిన 40 ఎలక్ట్రిక్ బస్సులు వాళ్లవే. కానీ 2023లో బీవైడీతో కలిసి ఇక్కడ కార్ల ఫ్యాక్టరీ పెడతామన్న ఒలెక్ట్రా మాతృసంస్థ ప్రతిపాదనకు కేంద్రం ఒప్పుకోలేదు. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతి మీద పట్టు బిగించగానే మన దేశంలో ఎలక్ట్రిక్ స్కూటర్ల లైన్లు నెమ్మదించాయి. 1985లో యెన్, 2025లో అయస్కాంతం. నలభై ఏళ్ల తేడాతో అదే దెబ్బ. బండి గుండెకాయ పరాయి దేశంలో తయారైనంతకాలం ఆ దేశంలో తీసుకునే నిర్ణయాలే మన ఫ్యాక్టరీ ధర చెబుతాయి.

అందుకే మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా పెడుతున్న బ్యాటరీ సెల్ ఫ్యాక్టరీ మీద నాకు చాలా ఆశ ఉంది. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అన్నారు. బయటి సెల్స్‌ను తెచ్చి ప్యాక్ కట్టడం బస్సు బాడీ కట్టడం లాంటిదే. సెల్ చేయడం నేర్చుకోవడం టాటా ఇంజను నేర్చుకోవడం లాంటిది. ఏళ్లు పడుతుంది, మొదట్లో సెల్స్ చెడిపోతాయి, నష్టం వస్తుంది. ఆ నష్టాన్ని భరించగలిగితేనే ఈసారి ఆట మన చేతిలో ఉంటుంది. ఇటు జహీరాబాద్ ఫ్యాక్టరీ కూడా బతికే ఉంది. మహీంద్రా ఇప్పుడక్కడ ట్రాక్టర్లు, మూడు చక్రాల బళ్లు, వాటితో పాటు ఎలక్ట్రిక్ ఆటోలు తయారు చేస్తోంది. క్యాబ్‌స్టార్ పోయినా ఆ ఊరి చేతుల్లో పనితనం పోలేదు. యజమాని మారాడు, ఉత్పత్తి మారింది, లైను మాత్రం తిరుగుతూనే ఉంది.

ప్రభుత్వాలకు నా విన్నపం ఒకటి. పెద్ద కంపెనీకి ఎకరాలు, పన్ను రాయితీలు ఇచ్చేటప్పుడు, ఫలానా సంవత్సరానికి ఇన్ని భాగాలు స్థానిక యూనిట్ల నుంచి కొనాలని, 45 రోజుల్లో డబ్బివ్వాలని అదే కాగితం మీద రాయించండి. సనత్‌నగర్, బాలానగర్ షెడ్లను అపార్టుమెంట్లకు వదిలేయకండి. అక్కడున్న మేస్త్రీల పనితనం ఒకసారి చెదిరితే మళ్లీ కూడగట్టలేం.

అమీర్‌పేటలో కోర్సుకు ఫీజు కట్టబోతున్న మెకానికల్ విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు ఇంకో మాట. సాఫ్ట్‌వేర్ తప్పకుండా నేర్చుకోండి. దాంతోపాటు బాలానగర్‌లో ఒక అచ్చుల యూనిట్ చూసుకుని, జీతం అడక్కుండా అయినా ఒక నెల పనిచేయండి. మీరు గీసిన భాగం ప్రెస్ కింద ఎలా వంగుతుందో, ఎక్కడ చిరుగుతుందో కళ్లారా చూడండి. రేపు ఏ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లినా ఆ నెల మీకు పనికొస్తుంది.